‘పానం’ పదిలం.. గోలీ భద్రం!

నెమ్మదైన కదలిక, దానికి తోడు ఊపిరి, రెండింటి మీదా ధ్యాస. చైనాలో పుట్టిన చీగాంగ్ సాధన ఇంతే. చాప అక్కర్లేదు, ఖర్చు లేదు, మోకాళ్ల నొప్పులున్నవారూ చేసుకోవచ్చు. కాకపోతే దీన్ని మందులకు తోడుగా చేసుకోవాలి గానీ మందులకు బదులుగా కాదు. ఈ తేడా తెలియక ఒక చెయ్యి పోగొట్టుకున్న మనిషిని చూశాక రాస్తున్న వ్యాసమిది.

మా ఓపీలో రోజూ వినిపించే మాట ఒకటుంది. ‘‘పానం మంచిగ లేదు డాక్టరమ్మా.’’

జ్వరమా అంటే కాదు. నొప్పా అంటే ఫలానా చోట అని చెప్పలేరు. ‘‘పానం మంచిగ లేదు’’ అంతే. చదువుకునే రోజుల్లో ఈ మాట వింటే విసుగొచ్చేది. వైద్య పుస్తకాల్లో ఈ పేరుతో జబ్బు లేదు మరి. ఇరవై ఏళ్లు ప్రభుత్వ దవాఖానల్లో పనిచేశాక తెలిసింది, అది జబ్బు పేరు కాదు, మనిషి తన ఒంటి లోపలికి తొంగి చూసుకొని చెప్పే సమాచారం అని. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, షుగర్ పెరిగినా, మనసు కుంగినా మొదట బయటికొచ్చే మాట ఇదే.

మన భాష నిండా ఇలాంటి మాటలే. ప్రాణం ఉసూరుమంది అంటాం. లేచొచ్చింది అంటాం. కుదుటపడింది, విసిగిపోయింది, జివ్వుమంది.. ఎన్ని రకాలో! ఒంటి లోపలి సంగతిని ఇంత సూక్ష్మంగా పట్టుకునే మనం, దాని మీద రోజుకు పది నిమిషాలు కూడా ధ్యాస పెట్టం. పెట్టినవాళ్లలో కొందరు ఇంకో కొసకు వెళ్లిపోతారు.

అలా వెళ్లిన ఒక పెద్దాయన సంగతి ముందుగా చెబుతాను.

నేను తల ఎత్తని రోజు

మేం వైద్యం చేసేది మేడ్చల్, కండ్లకోయ చుట్టుపక్కల వాళ్లకు. గుండ్లపోచంపల్లి అపెరల్ పార్కులో రోజంతా మిషన్ల ముందు కూర్చునే అక్కలు వస్తారు. ఔటర్ రింగు రోడ్డు దిగి వచ్చే లారీ డ్రైవర్లు, కాలేజీ హాస్టళ్ల పిల్లలు, పారిశ్రామికవాడల్లో షిఫ్టులు చేసేవాళ్లు వస్తారు. వీళ్లతో పాటు ఇంకో రకం మనుషులున్నారు. ఒకప్పుడు రైతులు. భూమి వెంచర్లలోకి పోయింది. డబ్బొచ్చింది, ఇల్లు కట్టారు. ఒంటికి పని మాత్రం పోయింది. నలభై ఏళ్లు ఎండలో వంగిన నడుము ఒక్కసారిగా కుర్చీకి అతుక్కుంది. దాని వెనకే బీపీ, షుగర్ వచ్చాయి.

ఈయన ఆ రకం మనిషే. యాభై ఎనిమిదేళ్లు. నాలుగేళ్లుగా బీపీ గోలీలు వాడుతున్నాడు. ఒకరోజు ముఖం వెలిగిపోతూ వచ్చాడు. ఎవరో కాలనీలో సాయంత్రం పూట ‘శక్తి సాధన’ నేర్పుతున్నారట. పొద్దున ఆక్సిజన్ పార్కులో నడక, సాయంత్రం ఆ సాధన.

‘‘చేతుల్ల వెచ్చగ పారుతున్నది డాక్టరమ్మా. నిద్ర మంచిగ పడుతున్నది. పానం లేచొచ్చినట్టున్నది’’ అన్నాడు.

బయట డెబ్బై మంది వరసలో ఉన్నారు. నేను చీటీ మీంచి తల ఎత్తలేదు. ‘‘అవన్నీ ఏం లేవు కాకా. గోలీలు వేసుకో చాలు’’ అన్నాను.

ఆ తర్వాత ఆయన ఓపీకి రాలేదు. రెండు నెలలకు 108లో వచ్చాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. బీపీ 210/120. పొద్దున లేచేసరికే అలా ఉన్నాడు కాబట్టి పక్షవాతం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. పెద్దాసుపత్రికి పంపాం. ప్రాణం దక్కింది. కాలు చాలావరకు తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు.

ఆయన భార్య తర్వాత చెప్పింది. ‘‘లోపల శక్తి పారుతుంటే గోలీలెందుకు అన్నరంట ఆ క్లాసుల. నిన్నడుగుదామంటే నువ్వు కోపం జేస్తవని రాలేదమ్మా.’’

ఆ క్లాసు వాళ్లది తప్పే. నాదీ తప్పే. ఆ రోజు ఆయన చెప్పింది అబద్ధం కాదు. చేతులు నిజంగానే వెచ్చబడ్డాయి, నిద్ర నిజంగానే బాగుపడింది. ‘ఏం లేవు’ అని నేనన్న క్షణంలోనే, ఆయన అనుభవాన్ని నమ్మినవాళ్ల వైపు ఆయన్ను నెట్టేశాను. ‘‘మంచిది కాకా, సాధన చెయ్యి. గోలీ మాత్రం ఆపకు. నెలకోసారి బీపీ చూపించు’’ అని ఉంటే చాలేది. ఇరవై సెకన్ల మాట.

ఆ తర్వాతే చీగాంగ్ గురించి చదవడం, కొన్ని కదలికలు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

అసలేమిటీ చీగాంగ్?

ఇంగ్లిషు అక్షరాలు చూసి చాలామంది ‘క్విగాంగ్’ అని చదువుతారు. చైనా పలుకుబడి చీగాంగ్‌కు దగ్గరగా ఉంటుంది. ‘చీ’ అంటే గాలి, ఊపిరి, ప్రాణశక్తి. మన ‘ప్రాణం’ లాంటి మాటే. ‘గాంగ్’ అంటే కాలం వెచ్చించి, ఓపికగా సాధించే నైపుణ్యం. రెండూ కలిపితే ‘ఊపిరి సాధన’ అనుకోవచ్చు.

మూలాలు చాలా పాతవి. 1970ల మొదట్లో చైనాలోని మావాంగ్‌దుయి దగ్గర తవ్వకాల్లో ఒక పట్టు వస్త్రం దొరికింది. క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధి అది. ఆ పట్టు మీద ఒళ్లు విరుస్తూ, వంగుతూ, చేతులు చాస్తూ కసరత్తు చేస్తున్న 44 మంది బొమ్మలున్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు, పడుచువాళ్లు అందరూ కనిపిస్తారు.

ఇన్నేళ్ల చరిత్ర ఉన్నా, ఈ రకరకాల సాధనలన్నిటికీ కలిపి ‘చీగాంగ్’ అన్న పేరు స్థిరపడింది మాత్రం 1950ల్లోనే. కడుపులో పుండుతో బాధపడుతూ ఈ సాధనతో కోలుకున్న ల్యూ క్వేచన్ అనే ఆయన దీన్ని ఆసుపత్రుల్లోకి తెచ్చారు. 1955లో తాంగ్‌షాన్‌లో దీనికోసమే ఒక చికిత్సాలయం వచ్చింది.

1980లకు వచ్చేసరికి చైనాలో ఇదొక జ్వరంలా పాకింది. దూరం నుంచే శక్తి పంపి రోగాలు తగ్గిస్తామని చెప్పేవాళ్లు పుట్టుకొచ్చారు. గంటల తరబడి అతిగా సాధన చేసి మతి చలించినవాళ్ల గురించి వైద్యులు రాశారు. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో ఈ స్థితిని పేరు పెట్టి మరీ ప్రస్తావించింది. తర్వాత చైనా ప్రభుత్వ క్రీడా విభాగమే పూనుకొని, 2003లో నాలుగు సురక్షిత వరసలను ఎంచి ప్రచారంలోకి తెచ్చింది. అందులో ఒకటి ‘బాద్వాన్‌జిన్’. అంటే ఎనిమిది పట్టు ముక్కలు. ఎనిమిది కదలికల సులువైన వరస. నేను నేర్చుకున్నది ఇదే. అందులో నాలుగు మీకూ చెబుతాను.

ఆ వెచ్చదనం ఎక్కడిది?

అరచేతులు రెండూ ఎదురెదురుగా, జానెడు దూరంలో పట్టుకోండి. భుజాలు వదిలేయండి. నెమ్మదిగా ఊపిరి వదులుతూ ధ్యాసంతా అరచేతుల మీద పెట్టండి. రెండు నిమిషాల్లో చాలామందికి వెచ్చగానో, చిమచిమలాడుతున్నట్టో, ఏదో మెత్తగా అడ్డుపడుతున్నట్టో అనిపిస్తుంది. ‘చీ’ అని చైనావారు, ప్రాణశక్తి అని మనవాళ్లు చెప్పేది దీన్నే.

ఒంట్లో జరిగేది ఇది. కంగారులో ఉన్నప్పుడు చేతుల్లోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అందుకే పరీక్ష హాల్లో పిల్లల చేతులు చల్లబడతాయి. ఊపిరి నెమ్మదిస్తే నాళాలు వదులవుతాయి. రక్తం ఎక్కువగా వస్తుంది, వెచ్చబడుతుంది. ఇక ధ్యాస సంగతి. చర్మం నుంచి మెదడుకు కబుర్లు నిత్యం వెళ్తూనే ఉంటాయి. మెదడు వాటిలో చాలావాటిని పట్టించుకోదు. కట్టుకున్న బట్ట ఒంటికి తగులుతోందని ఈ మాట చదివేదాకా మీకు గుర్తులేదు కదా! ధ్యాస పెట్టగానే ఆ కబురు అందుతుంది. అరచేతుల విషయంలోనూ అంతే.

ఇంకొకటి చూడండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకొని నెమ్మదిగా గాలి పీల్చండి, వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. చిన్న వయసువారిలో ఇది బాగా తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెకు కళ్లెం వేయడం వల్లే ఇలా జరుగుతుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరేడుకు తగ్గిస్తే ఈ కళ్లెం బాగా పనిచేస్తుంది. మెడ దగ్గరి పెద్ద రక్తనాళాల్లో రక్తపోటును కనిపెట్టే సూక్ష్మమైన ఏర్పాటు ఒకటి ఉంది. అది కూడా చురుగ్గా స్పందిస్తుంది. నిద్ర పట్టడం, గుండె దడ తగ్గడం, మనసు కుదుటపడటం వెనక ఉన్నది ఇదే.

కాబట్టి అనుభవం నిజం. అది చెప్పే అర్థాల దగ్గరే జాగ్రత్త కావాలి.

తొమ్మిదేళ్ల పాప పెట్టిన పరీక్ష

‘నా చేతుల్లో శక్తి ఉంది, ముట్టుకోకుండానే నీ రోగం పసిగడతాను’ అనేవాళ్లు అన్ని దేశాల్లో ఉన్నారు. అమెరికాలో ఎమిలీ రోజా అనే పాప తొమ్మిదేళ్ల వయసులో వీళ్లకు ఒక పరీక్ష పెట్టింది. మధ్యలో అట్ట తెర. చికిత్సకులు తెర కింది నుంచి రెండు చేతులూ చాచాలి. పాప తన చేతిని వాళ్ల ఎడమ చేతి పైనో, కుడి చేతి పైనో ఉంచుతుంది. ఏ చేతి పైన ఉందో శక్తిని బట్టి చెప్పాలి. 21 మంది, 280 ప్రయత్నాలు. సరిగ్గా చెప్పింది 44 శాతం. కళ్లు మూసుకొని బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోవాలి! ఈ ఫలితాలు 1998లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయ్యాయి.

నా చెయ్యి నాకు వెచ్చగా అనిపించడం ఒకటి. నా చేతిలోంచి మీ ఒంట్లోకి వైద్యం ప్రవహించడం ఇంకొకటి. మొదటిది ఎవరైనా ఇంట్లో పరీక్షించుకోవచ్చు. రెండోది పరీక్షకు నిలబడలేదు.

మరి సాధనకు ఆధారాలున్నాయా?

ఉన్నాయి. చీగాంగ్‌కు దగ్గరి చుట్టం ‘తాయ్‌చీ’. అదే నెమ్మది, అదే ఊపిరి, అదే ధ్యాస. దీని మీద మంచి పరిశోధనలు జరిగాయి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 195 మంది పార్కిన్సన్స్ బాధితులు 24 వారాలు సాధన చేశారు. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారికంటే తాయ్‌చీ చేసినవారు మెరుగ్గా నిలదొక్కుకున్నారు, తక్కువసార్లు పడిపోయారు. 2024లో చైనా వైద్యులు బీపీ అంచుల్లో ఉన్న 342 మందిని ఏడాది పాటు గమనించారు. తాయ్‌చీ చేసినవారిలో పై బీపీ సుమారు 7 పాయింట్లు తగ్గింది. వేగపు నడక, సైకిల్ లాంటి వ్యాయామాలు చేసినవారిలో తగ్గుదల సుమారు 4.6 పాయింట్లు.

చీగాంగ్ మీద కూడా చాలా అధ్యయనాలున్నాయి. నిద్ర, ఆందోళన, మోకాళ్ల నొప్పి, బీపీ విషయంలో మేలు కనిపిస్తోంది. కాకపోతే వాటిలో చాలా చిన్నవి. పైగా గోలీ విషయంలోలా ఎవరు ఏది వాడుతున్నారో తెలియకుండా పరీక్షించడం వ్యాయామంలో కుదరదు. అందుకే ‘మేలు చేస్తుంది’ అనడానికి వెనుకాడను గానీ ‘నయం చేస్తుంది’ అనను.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి. ఏడు పాయింట్లు తగ్గడమంటే 138 ఉన్నవాడికి పండగే. 170 ఉన్నవాడికి మాత్రం ఇంకా 163 మిగులుతుంది. అది పక్షవాతం తెచ్చే బీపీయే.

మనకు ప్రాణాయామం ఉండగా ఇదెందుకు?

మంచి ప్రశ్న. యోగా, ప్రాణాయామం రోజూ చేస్తున్నవారు దీనికి మారాల్సిన పనే లేదు. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమాన అంటూ ఊపిరిని ఐదు తీర్లుగా ఊహించిన సంప్రదాయం మనది. చైనావారి ఆలోచన దానికి దూరమేమీ కాదు.

నేను చీగాంగ్‌ను సూచించేది ఒక మామూలు కారణంతో. మా దగ్గరికొచ్చే యాభై దాటిన అక్కల్లో చాలామంది కింద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. ‘చాప పరిచి కూర్చోండి’ అనగానే వ్యాయామం అక్కడే ఆగిపోతుంది. ఇది నిలబడి చేసేది. చీర కట్టులో చేయొచ్చు. నిలబడలేకపోతే కుర్చీలో కూర్చొని చేయొచ్చు. అలవాటయ్యే వ్యాయామమే మంచి వ్యాయామం. దాని పేరు చైనాదా మనదా అన్నది తర్వాతి సంగతి.

నాలుగు కదలికలు.. పది నిమిషాలు

పాదాలు భుజాల వెడల్పులో పెట్టి నిలబడండి. మోకాళ్లు బిర్రుగా కాకుండా కాస్త సడలించండి. నాలుక వదులుగా, దవడ వదులుగా ఉండాలి. గాలి ముక్కుతోనే. పీల్చినప్పుడు ఛాతీ కాదు, పొట్ట ముందుకు రావాలి. ఒక్కో కదలిక 6 నుంచి 8 సార్లు చాలు.

1. ఆకాశాన్ని ఎత్తడం: వేళ్లు పెనవేసి చేతులు పొట్ట ముందు ఉంచండి. గాలి పీలుస్తూ ఛాతీ మీదుగా పైకి తెచ్చి, అరచేతులు ఆకాశం వైపు తిప్పి పైకి నెట్టండి. ఒక క్షణం ఆగండి. వదులుతూ చేతులను పక్కల నుంచి దించండి. గంటల తరబడి వంగి కూర్చునేవారి వీపు, పక్కటెముకలు తెరుచుకుంటాయి.

2. విల్లు లాగడం: కాళ్లు ఇంకాస్త ఎడం చేసి మోకాళ్లు కొద్దిగా వంచండి. ఎడమ చేతిని పక్కకు చాస్తూ, కుడి చేతితో వింటి నారి లాగినట్టు ఛాతీ దాకా లాగండి. చూపు చాచిన చేతి మీద. గాలి పీలుస్తూ లాగాలి, వదులుతూ మధ్యకు రావాలి. తర్వాత రెండో వైపు. మిషన్ కుట్టేవారికి, కంప్యూటర్ ముందు కూర్చునేవారికి భుజాల పట్టు వదులుతుంది.

3. వెనక్కి చూడటం: చేతులు పక్కలకు వదిలేసి అరచేతులు బయటికి తిప్పండి. తలను నెమ్మదిగా ఎడమకు తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడండి. మధ్యకు వచ్చి కుడివైపు. నడుము తిప్పొద్దు. మెడను గిర్రున తిప్పొద్దు. కళ్లు తిరిగితే ఆపేయండి.

4. మడమలు ఎత్తడం: గోడకో, కుర్చీకో ఒక చేతి దూరంలో నిలబడండి. పీలుస్తూ మడమలు ఎత్తండి. ఒక క్షణం ఆగి, వదులుతూ నెమ్మదిగా దించండి. పిక్కలు గట్టిపడతాయి. కాలి రక్తం పైకి వెళ్లడానికి సాయపడుతుంది. తూలిపడకుండా నిలదొక్కుకోవడం అలవాటవుతుంది.

చివర్లో ఒక నిమిషం అరచేతులు బొడ్డు మీద పెట్టి ఊరికే నిలబడండి. ఈ నిమిషాన్ని వదిలేయొద్దు. ‘పానం’ ఎలా ఉందో కనుక్కునే నిమిషం ఇదే. ఎక్కడ బిగుసుకుంది? ఊపిరి ఎక్కడ ఆగుతోంది? నిన్నటికీ ఈ రోజుకూ తేడా ఏమిటి? తీర్పులేం చెప్పుకోవద్దు. ఊరికే గమనించండి.

రోజులో ఎక్కడ సర్దాలి?

‘‘టైమెక్కడిది డాక్టరమ్మా’’ అన్నవాళ్లకు నా జవాబు, టైము వెతకొద్దు, ఉన్న పనికి తగిలించండి అని.

ఇంట్లో: పొయ్యి మీద పాలు పెట్టి కాపలా కాసేటప్పుడు మడమలు ఎత్తడం పది సార్లు అయిపోతుంది. వేడి గిన్నెలకు మాత్రం దూరంగా నిలబడండి.

మిషన్ దగ్గర: టీ విరామంలో విల్లు లాగడం రెండు వైపులా ఆరు సార్లు.

లారీ, ఆటో డ్రైవర్లు: బండి ఆపి దిగినప్పుడు ఆకాశాన్ని ఎత్తడం, వెనక్కి చూడటం. బండి నడుపుతూ ఊపిరి సాధన వద్దు. మగత రావచ్చు.

విద్యార్థులు: పరీక్షకు ముందు ఐదు నెమ్మదైన ఊపిరులు. పీల్చేదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి.

పొద్దున: ఆక్సిజన్ పార్కు లాంటి చెట్ల నీడ దొరికితే అంతకన్నా ఏం కావాలి! ఔటర్ పక్కన, హైవే పొగలో మాత్రం చేయొద్దు. లోతుగా పీల్చేది ఆ పొగనే అవుతుంది. ఎండాకాలంలో ఏడు గంటలలోపు ముగించండి.

ఇది నడకకు బదులు కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 దాటినవారు వారంలో కనీసం మూడు రోజులు, నిలదొక్కుకునే శక్తిని పెంచే వ్యాయామాలు కూడా చేయాలంటోంది. ఆ రెండో అవసరానికి చీగాంగ్ చక్కగా సరిపోతుంది.

జివ్వుమన్నదల్లా శక్తి కాదు

ఈ భాగం దయచేసి రెండుసార్లు చదవండి.

• సాధన చేస్తుంటే మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, తల తేలిపోతున్నట్టు ఉంటే మీరు అవసరానికి మించి గాలి మారుస్తున్నారని అర్థం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఇలా అవుతుంది. సాధన ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. సర్దుకుంటుంది.

• పాదాల్లో మంటలు, చీమలు పాకినట్టు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న సంకేతం కావచ్చు. ‘కింది నుంచి శక్తి వస్తోంది’ అని సంతోషపడొద్దు. పాదాలు చూపించండి.

• రాత్రిళ్లు బొటనవేలు, పక్క రెండు వేళ్లలో తిమ్మిరి, చెయ్యి విదిలిస్తే తగ్గడం.. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిన గుర్తు. కుట్టుపని చేసేవారిలో, థైరాయిడ్ ఉన్నవారిలో తరచుగా చూస్తాం.

• రెండు కాళ్లు, చేతుల్లోనూ తిమ్మిరి, నాలుక నున్నబడటం, నీరసం విటమిన్ బీ12 లోపం కావచ్చు. శాకాహారుల్లో, మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలో ఎక్కువ.

• ఛాతీలో బరువు, మంట, ఎడమ చేతిలోకి గానీ దవడలోకి గానీ పాకడం, చెమటలు పట్టడం గుండెపోటు సంకేతాలు. వెంటనే 108.

• మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం సంకేతాలు. కొన్ని నిమిషాల్లో తగ్గిపోయినా సరే 108కు ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడో గుర్తుపెట్టుకొని చెప్పండి.

వీళ్లు ముందు డాక్టరును అడగాలి

ఈ మధ్యే గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, ఏదైనా ఆపరేషన్ అయినవారు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు, నిలబడగానే కళ్లు తిరిగేవారు అడగకుండా మొదలుపెట్టొద్దు. బీపీ 180/110 దాటితే అది అదుపులోకి వచ్చాకే సాధన. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి మానసిక సమస్యలున్నవారు గంటల తరబడి ఒంటరిగా ధ్యాస లోపలికి పెట్టే సాధనలు చేయకూడదు. సాధనలో గొంతులు వినిపిస్తున్నాయనో, నాకు అతీత శక్తులు వచ్చాయనో ఎవరైనా చెబుతుంటే, నిద్ర మానేస్తుంటే వెంటనే ఆపించి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలన్నది మీ ఇష్టం. మూడు మాటలు వినిపిస్తే మాత్రం అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ‘మందులు మానేయండి.’ ‘డాక్టరుకు చెప్పొద్దు.’ ‘ఈ కంకణం, ఈ నూనె కొంటేనే పనిచేస్తుంది.’

గోలీ తగ్గించే దారి ఇది

‘‘అయితే గోలీలు జన్మంతా వాడాల్సిందేనా?’’ న్యాయమైన ప్రశ్నే. కొందరికి తగ్గించగలం. దానికో పద్ధతి ఉంది.

సాధన మొదలుపెట్టే ముందే మాకు చెప్పండి. గోలీ మామూలుగానే వేసుకోండి. వారానికి రెండు రోజులు బీపీ చూసి చీటీ మీద రాయండి. చూసే ముందు అరగంట టీ, బీడీ, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు కుర్చీకి ఆనుకొని మౌనంగా కూర్చోవాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. సాధన ముగిసిన వెంటనే చూసుకొని మురిసిపోవద్దు. అప్పుడు తగ్గుదల కనిపించడం మామూలే. మర్నాడు పొద్దున గోలీ వేసుకునే ముందు ఎంతుందన్నదే అసలు లెక్క.

మూడు నెలల చీటీ పట్టుకొని రండి. అంకెలు కిందికి దిగి అక్కడే నిలబడి ఉంటే మోతాదు మేమే తగ్గిస్తాం. తగ్గించాకా చూస్తూనే ఉంటాం. మీ అంతట మీరు ఆపేస్తే ఆ సంగతి చెప్పడానికి ఒళ్లు ఏ సైగా చేయదు. బీపీకి నొప్పి లేదు, చప్పుడు లేదు. ఎంత ధ్యాస పెట్టినా 120కీ 180కీ తేడా చాలామందికి తెలియదు. ‘పానం’ ఎన్నో సంగతులు చెబుతుంది గానీ ఈ ఒక్కటి చెప్పదు. అది చెప్పడానికే మిషన్.

తోటి వైద్యులకు ఒక మాట. రోగి తన అనుభవం చెబుతుంటే కాదనకండి. ‘ఇంకేం చేస్తున్నావు? ఏమైనా మానేశావా?’ అని అడగండి. నేను ఇప్పుడు ప్రతి చీటీ మీద సంతకం పెట్టేముందు ఈ రెండు ప్రశ్నలూ అడుగుతున్నాను.

పెద్దాయన ఇప్పుడు నెలనెలా వస్తున్నాడు. కర్ర పట్టుకొని, భార్య భుజం ఆసరాతో. ఫిజియోథెరపీ చేయించుకుంటూనే కుర్చీలో కూర్చొని ఆకాశాన్ని ఎత్తుతాడు. కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టుకొని, వెళ్లినంత పైకి. పోయినసారి బీపీ 134/84. చొక్కా జేబు తడిమి గోలీల షీటు తీసి బల్ల మీద పెట్టాడు, నేను అడక్కముందే.

‘‘పానం ఎట్లున్నది కాకా?’’ అన్నాను.

‘‘మంచిగున్నది డాక్టరమ్మా. ఈ చేతుల వెచ్చగ అయితున్నది, ఆ చేతుల ఇంక అయితలేదు’’ అన్నాడు.

ఈసారి చీటీ పక్కన పెట్టి, రెండు చేతులూ పట్టుకొని చూశాను. ఆయన చెప్పింది నిజమే.